సాక్షి బోనులో నేనొక్కదాన్నే

మొన్న మంగళవారం పొద్దున్న గజపతినగరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూంటే మా మేనకోడలు ఫోనుకు ఒక ఫోటో పంపింది. మా పుట్టిన ఊళ్ళో, కోటబొమ్మాళికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ చిన్న పల్లెలో, పంచాయతీవారు కొత్తగా ఒక సామాజిక భవనం కట్టించారట, దాని ప్రారంభోత్సవానికి వీధి మొగలో కట్టిన ఫ్లెక్సీ ఫోటో అది. పైన రెండు గుండ్రాల్లో పూలదండలు వేసిన రెండు ముఖాలున్నాయి. ఒకటి నాలుగేళ్ళ కిందట కాలం చేసిన మా అన్నయ్యది. రెండోది అన్నయ్యకన్నా ముందే వెళ్ళిపోయిన అవతలి వీధి పెద్దాయనది. ఇద్దరూ ఒకే రంగు కండువా వేసుకుని నవ్వుతున్నారు. కింద "ఈ మహనీయులిద్దరి ఆశీస్సులతో" అని రాసి ఉంది. బాగుందా అత్తా అని మేనకోడలు అడిగింది. చాలా బాగుందమ్మా అని జవాబు పెట్టి, ఫోను బోర్లించాను. చేతిలోని చిక్కుడుకాయ ముక్కలు ముక్కలైపోయిందని తరవాత చూసుకున్నాను.

ఈ సంగతి మా పిల్లలకు కూడా పూర్తిగా చెప్పలేదు. చెప్పినా వాళ్ళకు అర్థమయ్యే కాలం కాదు. నా ఈడు వాళ్ళకైతే, ముఖ్యంగా మన పల్లెల్లో పెరిగినవాళ్ళకైతే, సగం చెబితే మిగతా సగం వాళ్ళే పూరించుకోగలరన్న ధైర్యంతో రాస్తున్నాను.

మా చిన్నతనంలో పార్టీ అంటే అయిదేళ్ళకోసారి గుర్తొచ్చే మాట కాదు కదా. మా ఊరికి ఉన్నవే రెండు పెద్ద వీధులు, ఊరికి ఉన్నవే రెండు పార్టీలు. మాది ఎగువ వీధి, వాళ్ళది దిగువ వీధి. ఏ మంగలి చేత గడ్డం గీయించుకోవాలో, ఏ కొట్టులో కిరసనాయిలు కొనాలో, ఎవరి పెళ్ళిలో భోజనానికి కూర్చోవాలో, ఎవరి శవం వెనక ఎంతదూరం నడవాలో అన్నీ పార్టీయే చెప్పేది. అమ్మవారి సంబరంలో రెండు మైకు సెట్లు రెండు దిక్కుల నుంచి అరుస్తుంటే ఆ తల్లి చెవులు ఏమైపోయేవో అని మా నాన్నమ్మ బాధపడేది. ఒకసారి దిగువ వీధి కోడిపెట్ట ఒకటి మా పెరట్లో దూరి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు తిరిగి ఇవ్వాలా వద్దా, ఇస్తే మనం తగ్గినట్టవుతుందా అని మా వసారాలో రెండు వారాలు పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. మూడో వారానికి అది కుళ్ళిపోతే పారేశాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆనాడు ఎవరూ నవ్వలేదు.

ఇంత పట్టింపులున్న ఊళ్ళోనూ పార్టీకి లొంగనిది ఒకటుండేది. అది నేస్తరికం. మన ఉత్తరాంధ్రలో నేస్తరికం కట్టుకోవడమంటే ఊరికే స్నేహం చెయ్యడం కాదని మీకు తెలుసు. నాకు పన్నెండేళ్ళప్పుడు అమ్మవారి గుడి ముందర, పెద్దవాళ్ళందరూ చూస్తుండగా, దిగువ వీధి పిల్ల ఒకతె నాకూ నేను ఆమెకూ బొట్టు పెట్టుకుని, కొత్త గుడ్డలు, అరటిపళ్ళు మార్చుకుని నేస్తాలమయ్యాం. అప్పటినుంచి ఆమె నన్ను పేరుతో పిలవలేదు, నేను ఆమెను పేరుతో పిలవలేదు. "నేస్తం" అనే పిలుపు ఒక్కటే మా ఇద్దరికీ పేరు. ఆమె తల్లి నాకు తల్లి, మా అన్నయ్య ఆమెకు అన్నయ్య. ఆమెకు ఆ వీధిలోనే పెళ్ళయితే, ఊరంతా చూస్తుండగా మా అన్నయ్య చీర తీసుకువెళ్ళి పెట్టి వచ్చాడు. రెండు పార్టీలవాళ్ళూ దానికి తప్పు పట్టలేదు. ఆమె పెనిమిటి నెమ్మదైన మనిషి. ధాన్యం మిల్లులో ఇంజను నడిపేవాడు. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కాకపోతే ఆయనకు ఒక విద్య ఉంది, ఊళ్ళోని ప్రతి మనిషి ముఖమూ, తండ్రి పేరూ ఆయనకు కంఠతా వచ్చు. అందుకని ప్రతి ఎన్నికకూ దిగువ వీధి పార్టీ ఆయన్నే పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చోబెట్టేది. ఆయన కూర్చున్న బూతులో ఒకరి ఓటు ఇంకొకరు వెయ్యడమనేది జరిగే పని కాదు.

మా అన్నయ్య గురించి కూడా చెప్పాలి, లేకపోతే అతని మీద కోపంతో రాస్తున్నానని మీరనుకుంటారు. నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకు ఇరవై. పొలమూ, అమ్మా, నేనూ అతని మీద పడ్డాం. ఆడపిల్లను పదో తరగతి దాకా చదివించినవాడు ఆ రోజుల్లో మా వీధిలో అతనొక్కడే. నర్సు ట్రైనింగులో సీటు వస్తే నా రేకు పెట్టె తన భుజం మీద పెట్టుకుని విజయనగరం దాకా వచ్చి, హాస్టలు గేటు దగ్గర నిలబడి, చీకటి పడుతున్నా కదలకుండా, నేను లోపలికి వెళ్ళిపోయానో లేదో చూసి వెళ్ళాడు. ట్రైనింగు అయ్యాక మా ఊరి ఉపకేంద్రంలోనే పోస్టింగు రావడం కూడా అన్నయ్య చలవే. అప్పటికి అతను ఎగువ వీధి పార్టీకి పెద్ద. నియోజకవర్గపు నాయకుడితో నేరుగా మాట్లాడగలిగినవాడు. సొంత ఊళ్ళో తెల్లచీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతూ బిడ్డలకు టీకాలు వేస్తుంటే, నా అంత అదృష్టవంతురాలు ఈ జిల్లాలో లేదనిపించేది. నేస్తం తొలి కాన్పు నా చేతుల మీదుగానే జరిగింది.

నాకు ఇరవై ఆరేళ్ళున్నప్పుడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఎన్నికలకు మూడు వారాలుందనగా మావాళ్ళు రెండు వీధులూ కలిసేచోట జెండా దిమ్మ కట్టాలని ఇటుకలు దించారు. అక్కడ అప్పటికే దిగువ వీధివాళ్ళ దిమ్మ ఉంది. ఎండెక్కకముందే మాటా మాటా పెరిగి రాళ్ళు లేచాయి. అరగంటలో అంతా సద్దుమణిగింది కానీ, మా చిన్నాన్న కొడుకు తల పగిలి, చొక్కా అంతా రక్తంతో ఉపకేంద్రానికి నడిచి వచ్చాడు. గాయం కడిగి, కట్టు కడుతూ ఎవరు కొట్టారురా అని అడిగాను. వాడు పళ్ళు బిగించుకుని, "ఎవుడిసిరినాడో నాకేటి తెల్సప్పా. ఎనకనుంచొచ్చి తగిల్నాది. ఎనకనున్నోళ్ళు మనోళ్ళే" అన్నాడు. ఆ మాట అని తనలో తనే నవ్వుకున్నాడు కూడా. వాడిని కోటబొమ్మాళి ఆసుపత్రికి ఎడ్లబండిలో పంపేసి, నా రిజిస్టరులో వాడి పేరు రాసి, చివరి గడిలో "రాయి తగిలి తల వెనక గాయం, ఎవరు విసిరినదీ తెలియదని చెప్పినాడు" అని రాశాను.

మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, బల్ల మీద కూర్చుని, రిజిస్టరులో ఏమి రాశావని అడిగాడు. చెప్పాను.

"తెల్దని రాస్తే కేసెలాగ నిలబడతాదమ్మీ? మీ నేస్తం మొగుడు కొట్టినాడని రాయి."

మొదట వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. ముఖం చూస్తే కాదని తెలిసింది. ఆయన ఆ గొడవ దగ్గరే లేడనీ, మిల్లు ఇంజను చప్పుడు ఉదయమంతా ఇక్కడికి వినిపిస్తూనే ఉందనీ చెప్పాను. అన్నయ్య కోప్పడలేదు. అతను కోప్పడి ఉంటే నేను ఎదురు తిరిగేదాన్నేమో అని ఇప్పటికీ అనుకుంటాను. చిన్నప్పుడు జ్వరం వస్తే మందు తాగించేటప్పుడు మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడాడు.

"సూడమ్మీ, ఎలచ్చనయ్యేవరకే. ఆడు బూతులో కూకున్నాడంటే మనం గెలవం. ఎలచ్చనవగానే నానే దగ్గరుండి బెయిలిప్పించి తీసుకొస్తాను. ఆడు నాకూ బావే గదా, కాదేటి? నీ మీదికి ఏటీ రాదు. నీకు ఉద్దోగమిచ్చింది పార్టీ. ఇన్నాళ్ళలో నిన్నేటన్నా అడిగినాదా?"

అడగలేదు. అదే నిజం.

రిజిస్టరు కుట్టు పుస్తకం. ఒక కాగితం తీస్తే దాని జంట కాగితం కూడా ఊడి వస్తుంది. అది మూడు వారాల వెనకటి పేజీ. అందుకని రెండు కాగితాలనూ తీసేసి, చివర్లోని తెల్ల కాగితాల జత ఒకటి విప్పి ఆ చోట పెట్టి, సూదీ దారంతో కుట్టి, ఆ నాలుగు పేజీల్లోని పేర్లూ మందులూ అన్నీ ఒక్క విడతలో కూర్చుని మళ్ళీ రాశాను. నేస్తం పెనిమిటి పేరు రాసేటప్పుడు చెయ్యి వణికిందని చెబితే మీరు నమ్ముతారు కానీ, అది అబద్ధం. గుండ్రని అక్షరాలతో చక్కగా రాశాను. సాయంత్రం పోలీసులు వచ్చి అడిగితే, దెబ్బ తిన్న మనిషి నాతో ఈ పేరే చెప్పాడని చెప్పి కింద సంతకం పెట్టాను. మా చిన్నాన్న కొడుకు చేతా, చూశామన్న మరో ఇద్దరి చేతా కూడా మావాళ్ళు అదే పేరు చెప్పించారు. హత్యాయత్నం అని కేసు కట్టి ఆయన్ని మిల్లు దగ్గరే జీపు ఎక్కించారు. ఇంజను ఆపడానికి కూడా ఆయనకు సమయం ఇవ్వలేదట. అది చీకటి పడేవరకూ ఉత్తినే తిరుగుతూనే ఉంది.

నాలుగో రోజున టీకాల వేళ నేస్తం వచ్చింది. చంకలో బిడ్డ, నా చేతుల మీద పుట్టిన బిడ్డ. వరసలో తన ముందున్నవాళ్ళందరూ వెళ్ళేవరకూ గోడ పక్కన నిలబడి, చివరికి నా ముందుకొచ్చింది. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"నేస్తం, నాకొక్కటే సెప్పు. ఆ మనిసి నోటంట నా ఇంటాయన పేరొచ్చిందా?"

నేను సూదిలోకి మందు ఎక్కిస్తూ తల ఎత్తకుండా, రాసి ఉన్నదే చెప్పగలను నేస్తం అన్నాను. ఆమె కాసేపు నా చేతుల వంకే చూసింది. తరవాత బిడ్డ తొడ నా ముందుకు చాచింది. టీకా వేశాను. బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకుని వెళ్ళిపోయింది. మరుసటి నెల టీకాకు ఆమె అత్తగారు ఆ బిడ్డను పక్క ఊరి కేంద్రానికి మోసుకువెళ్ళిందని విన్నాను.

ఎన్నికల రోజు దిగువ వీధి ఏజెంటు కుర్చీలో ఎవరో కొత్త కుర్రవాడు కూర్చున్నాడు, మావాళ్ళు గెలిచారు. ఎంత కొద్దిలో గెలిచారో తెలిసినప్పుడు అన్నయ్య నావైపు చూసి తల ఊపాడు. బెయిలు సంగతి అడిగితే ఇవాళ, రేపు అన్నాడు. తరవాత, అవతలివాళ్ళ ప్లీడరు చూసుకుంటాడులే, మనం వేలు పెడితే మనవాళ్ళే తప్పు పడతారు అన్నాడు. ఆయన నెలన్నర సబ్‌జైల్లో ఉండి బయటికొచ్చేసరికి మిల్లువారు వేరే మనిషిని పెట్టుకున్నారు. అంతవరకు ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగని మనిషి కూలికి మట్టి తట్టలు మోయడం నేను నా ఉపకేంద్రం కిటికీలోంచి చూశాను. నిజం చెప్పేద్దామని రెండు మూడుసార్లు అనుకున్నాను. రిజిస్టరు దిద్దానని తెలిస్తే ఉద్యోగం పోతుంది, నన్నే జైల్లో పెడతారు, అన్నయ్య పరువు పోతుంది అని మళ్ళీ ఊరుకున్నాను. ఊరుకోవడం అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఈలోగా నాకు పెళ్ళయింది. మావారికి రైల్వేలో ఉద్యోగం కావడంతో నేను కూడా నౌపడ దగ్గరి ఒక ఊరికి బదిలీ చేయించుకున్నాను. ఉప్పు మళ్ళ పక్కన మా క్వార్టరు. ఎండాకాలం కళ్ళు మూసుకున్నా ఉప్పు కుప్పల తెలుపు కళ్ళల్లోనే ఉండేది. అక్కడ నేను ఎవరి చెల్లెల్నో ఎవరికీ తెలియదు. ఉప్పు కోసి కోసి పాదాలు చీలిన ఆడవాళ్ళకు మందు రాస్తూ, ఊరి సంగతులు మరిచిపోయి రెండేళ్ళు హాయిగానే ఉన్నాను. అప్పుడు ఒకనాడు మావారు పేపరు తెచ్చి చూపించారు. శాసనసభ టిక్కెట్టు దగ్గర తేడా వచ్చి, మా నియోజకవర్గపు నాయకుడు తన మనుషులందరితోనూ అవతలి పార్టీలోకి వెళ్ళిపోయాడని అందులో ఉంది. ఫోటోలో వెనక వరసలో అన్నయ్య ఉన్నాడు. దిగువ వీధి పెద్దాయన అన్నయ్య మెడలో కండువా వేస్తున్నాడు. నేను ఆ ఫోటోను చాలాసార్లు చూశాను. మొదట కలిగింది సిగ్గు కాదు, కోపమూ కాదు, సంతోషమే. హమ్మయ్య, ఇక ఆ కేసు ఎలాగో సర్దేస్తారు, నేస్తం ఇంటికి వెళ్ళడానికి నాకొక దారి దొరుకుతుంది అనుకున్నాను. అన్నయ్య కబురు కోసం ఎదురు చూశాను. కబురు రాలేదు, కోర్టు సమను వచ్చింది. అన్నయ్యకు ఉత్తరం రాశాను, ఏమి చెప్పమంటావని. దానికీ జవాబు లేదు. జవాబు లేదంటే పాత మాటే మాటన్నమాట అని నా మనసుకు నేనే చెప్పుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని బస్సెక్కాను.

కోర్టు హాల్లోకి నేను అడుగు పెట్టగానే నా పేరు పిలిచారు. ముద్దాయి స్థలంలో నేస్తం పెనిమిటి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నేను బోనెక్కి ప్రమాణం చేసి, ప్రాసిక్యూటరుగారు అడిగినదానికి, కంఠతా పట్టిన పాఠం లాగా, దెబ్బ తిన్న మనిషి నా దగ్గరకొచ్చి ఈయన పేరే చెప్పాడని చెప్పేశాను. ప్రాసిక్యూటరుగారు కాగితాల్లోంచి తల ఎత్తి నావైపు వింతగా చూశారు. హాల్లో ఎవరో సన్నగా నవ్వారు. అప్పుడు జడ్జిగారు తాపీగా, "ఏమ్మా, దెబ్బ తిన్న మనిషి నిన్న ఇదే బోనులో నిలబడి, దిమ్మ ఇటుకల మీద కాలు జారి పడ్డానని చెప్పి వెళ్ళాడు. చూసినవాళ్ళమన్న ఇద్దరూ కూడా చూడలేదన్నారు. నువ్వొక్కదానివే ఈ పేరు చెబుతున్నావు" అన్నారు.

నాకు కాసేపు ఆ మాటలు అర్థం కాలేదు. హాలు వెనక బెంచీ వైపు చూశాను. అక్కడ అన్నయ్య, దిగువ వీధి పెద్దాయన పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఏదో మాట మీద ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని నవ్వుకుంటున్నారు. జడ్జిగారి గొంతు విని అన్నయ్య తలెత్తి, బోనులో నన్ను చూసి, నోరు కొద్దిగా తెరిచాడు. ఆ ముఖంలో కనిపించింది భయం కాదు, బాధ కాదు. అయ్యో గొడుగు ఇంటి దగ్గర మరిచిపోయానే అనుకున్నప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

హత్యాయత్నం కేసులో రాజీకి వీల్లేదట, అందుకని సాక్షులందరూ మాట మార్చేస్తే కేసు దానంతటదే పోతుందని రెండు వీధుల పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్నారట. ఎవరెవరు ఏమి చెప్పాలో అందరికీ కబురు వెళ్ళింది. నాకు తప్ప. అవతలి ప్లీడరుకు కూడా ఈ సంగతి తెలుసు. అయినా ఆయన వృత్తి ఆయనది. లేచి, రిజిస్టరు నా ముందు పెట్టి, మూడు వారాల ఎడం ఉన్న నాలుగు పేజీలు ఒకే సిరాతో, ఒకే విడతలో రాసినట్టు ఎందుకున్నాయని అడిగాడు. ఈ ఒక్క చోట కుట్టు దారం రంగు ఎందుకు వేరుగా ఉందని అడిగాడు. ఈ అక్షరాలు మీవేనా అని అడిగాడు. నావేనన్నాను. నేస్తం పెనిమిటి మాత్రం నావైపు చూడకుండా తన కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడ్డాడు, నేను సిగ్గుపడుతుంటే చూడడం మర్యాద కాదన్నట్టు.

బయట వసారాలో అన్నయ్య నన్ను పట్టుకున్నాడు.

"మర్సిపోనానమ్మీ. అందరికీ కబురెట్టినాం. నీకు నాను పెడతానని ఆళ్ళు, ఆళ్ళు పెడతారని నాను, అలాగైపోనాది. నువ్వు రాసిన ఉత్తరం కూడా జేబులోనే ఉండిపోనాది సూడు."

నిజంగానే జేబులోంచి నా ఉత్తరం తీసి చూపించాడు. కవరు చించనైనా లేదు. ఇంకేదో అనబోతుంటే దిగువ వీధి పెద్దాయన జీపు దగ్గర నిలబడి, "బావా, బేగి రా, ఆకలేస్తన్నాది" అని పిలిచాడు. ఆ ఇద్దరి మధ్య బావ అనే పిలుపు నేను పుట్టి బుద్ధెరిగాక విన్నది అదే మొదటిసారి. అన్నయ్య నా భుజం తట్టి, కేసు ఎలాగూ కొట్టేస్తారులే, దిగులు పడకు అని చెప్పి జీపెక్కాడు. చెల్లెలు పొద్దుటినుంచి ఏమైనా తిన్నదో లేదో అడగలేదు. తెలిసి చేసిన మోసమైతే నేను పగ పట్టి ఉందునేమో. లెక్కలోనే లేనని తెలిశాక ఇక దేనిమీద పగ పట్టేది?

సాయంత్రం నౌపడ మీదుగా మా పుట్టిన ఊరి వైపు వెళ్ళే బస్సు ఒక్కటే. ఎక్కేసరికి కూర్చోవడానికి చోటు లేదు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డ సీటులోనే నేస్తం, ఆమె పెనిమిటి కూర్చుని ఉన్నారు. వెనక్కి పోదామంటే జనం. ఆమె నన్ను చూసింది. రెండున్నరేళ్ళ తరవాత అంత దగ్గరగా చూడడం. నేస్తం అని పిలుద్దామని నోటిదాకా వచ్చింది. నేను పిలిచేలోపే ఆమె పెనిమిటి వైపు తిరిగి, "ఆ సిస్టరుగారు నిలబడ్డారు, లెగు, సోటియ్యి" అంది. ఆయన లేచి, కూకోండమ్మా అన్నాడు. తెలియని ఊళ్ళో తెలియని మనుషులు నన్ను పిలిచే పిలుపుతో ఆమె పిలిచింది. అందులో వెటకారం లేదు, కోపం కూడా లేదు. నేను కూర్చున్నాను. నాకు ఆ సీటులో కూర్చునే హక్కు లేదని తెలిసి కూడా కూర్చున్నాను. నౌపడ మలుపు వచ్చేదాకా ఆమె మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది. ఆమె కిటికీలోంచి కోసిన వరిమళ్ళు చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు వెళ్ళొస్తానన్నాను. ఆ మాట బస్సు చప్పుడులో వినపడలేదనే ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంటున్నాను.

ఆయన్ని నిర్దోషి అని విడుదల చేశారు. తీర్పులో నా గురించి రెండు వాక్యాలున్నాయి, ఈ సాక్షి నమ్మదగినది కాదని. అవి మా ఆఫీసుకు చేరాయి. విచారణ జరిగింది. ఉద్యోగం పోకుండా అన్నయ్యే కొత్త పార్టీ పెద్దల చేత చెప్పించాడు. అదొక్కటీ అతను మరిచిపోలేదు. శిక్ష కింద నన్ను ఈ గజపతినగరానికి బదిలీ చేశారు. మావారు కూడా ఎలాగో ఇటు మార్పించుకుని వచ్చారు. వచ్చినదాన్ని ఇక్కడే ఉండిపోయాను. సర్వీసు మిగిలిన ఏళ్ళన్నీ రోగి చెప్పిన మాట రోగి చెప్పినట్టే, ముక్క పొల్లు పోకుండా రాశాను. నా కింద పనిచేసిన పిల్లలు దాన్ని నా చాదస్తమనుకునేవారు.

అన్నయ్యకు చివర్లో పక్షవాతం వచ్చింది. నేనే వెళ్ళి రెండు నెలలు దగ్గరుండి చేశాను. నన్ను చదివించిన చేతులు కదా, అవి చచ్చుబడి పక్క మీద ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. ఒకరోజు జావ తాగిస్తుంటే, ఏదో గుర్తొచ్చినట్టు, "మీ నేస్తం మనింటికి రావడం మానేసిందేటమ్మీ? మీరిద్దరూ ఏటైనా అనుకున్నారేటి?" అని అడిగాడు. నటన కాదు. అతని కళ్ళు నాకు తెలుసు. ఏమీ అనుకోలేదన్నయ్యా అని చెప్పి, మూతి తుడిచాను. ఆ సాయంత్రం గొడ్లసాల వెనక్కి వెళ్ళి, కోర్టు నుంచి వచ్చిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. నిజంగానే మారింది. ఈ కాలపు పిల్లలు పొద్దున్న ఒక పార్టీలో, సాయంత్రం ఒక పార్టీలో ఉండి, ఎవరినీ ద్వేషించకుండా, ఎవరినీ నమ్మకుండా తిరుగుతున్నారు. ఒక ఇంట్లోనే అన్న ఒక పార్టీ, తమ్ముడు ఒక పార్టీ, ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చుని నవ్వుకుంటున్నారు. ఒకందుకు అదే మేలేమో. నమ్మి చేసేవాళ్ళుంటేనే కదా అబద్ధానికి చక్కని దస్తూరీ దొరికేది. మేము నమ్మాం. ఆ పగలు నిజమనుకున్నాం, ఆ రంగులు మా ఒంటి రంగులనుకున్నాం, పెద్దవాళ్ళు పగ పట్టమంటే పట్టాం. తీరా వాళ్ళు ఎప్పుడు మానుకున్నారో మాకు చెప్పే తీరిక కూడా వాళ్ళకు లేకపోయింది. నేస్తం ఇప్పుడు పెనిమిటి పోయి, కూతురి దగ్గర ఉంటోందని విన్నాను. ఏ ఊరో కూడా తెలుసు, బస్సెక్కితే రెండు గంటల దారి. ఆ రెండు వీధులనూ కలపడానికి ఆనాడు ఎక్కడెక్కడి పెద్దలో కార్లు వేసుకుని వచ్చారు. మా ఇద్దరినీ కలపాలని ఒక్కరికీ తోచలేదు. ఇంకొకరికి ఎందుకు తోచాలి? నేనే ఇన్నేళ్ళూ వెళ్ళలేదు.